రన్‌వే 2019లో, ముంబై విమానం 2024లో: రాజమహేంద్రవరం కేస్ స్టడీ

మధురపూడిలో ఉన్న రాజమండ్రి ఎయిర్‌పోర్టు రన్‌వే ఒకప్పుడు 1,750 మీటర్లు. దాన్ని 3,165 మీటర్లకు పొడిగించే పని 2019 నాటికి పూర్తయింది. ఎయిర్‌బస్ ఏ320 నిండు సీట్లతో, ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇబ్బంది లేకుండా లేవడానికి ఆ పొడవు చాలు, ఇంకా మిగులుతుంది. అయినా ఇండిగో ముంబై సర్వీసు మొదలైంది 2024 డిసెంబరు 1న, ఢిల్లీ సర్వీసు అదే నెల 12న. నడుమ ఐదేళ్లు ప్రధానంగా 78 సీట్ల ఏటీఆర్‌లే (చిన్న ప్రొపెల్లర్ విమానాలు) హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వైపు తిరిగాయి.

ఈ ఆలస్యానికి కోవిడ్ ఒక కారణం. 2020 మార్చిలో దేశీయ విమానాలు ఆగిపోయాయి. మే నెలాఖరులో మళ్లీ మొదలైనా, ఎన్ని సర్వీసులు నడపాలన్న పరిమితి 2021 అక్టోబరు దాకా సాగింది. ఆ తర్వాత ఇంజన్ల గొడవ వచ్చింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల తనిఖీల వల్ల ఇండిగోకు డెబ్బైకి పైగా విమానాలు నేల మీదే ఉండిపోయిన రోజులున్నాయి. ఇవి నిజమైన కారణాలే గానీ, దేశంలోని ఎయిర్‌పోర్టులన్నిటికీ సమానంగా వర్తించేవి. మధురపూడి విషయంలో తేల్చాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: రన్‌వే ఉంది, జనం ఉన్నారు, మరి ఎయిర్‌లైన్‌కు ఈ రూటు ఎందుకు కనిపించలేదు? మధ్యస్థాయి నగరాల్లో కొత్త రూటు కోసం ప్రయత్నించే వాళ్లందరూ ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

రెండు పద్దులు

ఎయిర్‌పోర్టు వాళ్లకు, ఎంపీలకు, ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లకు ఒక లెక్క ఉంటుంది: "మా ప్రాంతం నుంచి రోజుకు ఇంతమంది ముంబై వెళ్తున్నారు, విమానం వేస్తే నిండుతుంది." ఎయిర్‌లైన్ నెట్‌వర్క్ ప్లానింగ్ వాళ్లు, అంటే ఏ రూటులో ఏ విమానం నడపాలో తేల్చేవాళ్లు, అదే కాగితం చూసి వేరే ప్రశ్న అడుగుతారు: "వీళ్లలో ఎంతమంది ఇప్పటికే మా టికెట్టు మీదే వెళ్తున్నారు?"

లెక్క చూపడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఊహించి వేసుకున్నవి, మధురపూడి రికార్డులు కావు. ముంబై విమానంలో 150 మంది ఎక్కారనుకోండి. వాళ్లలో 40 మంది నిన్నటిదాకా అదే ఎయిర్‌లైన్‌లో హైదరాబాద్ మీదుగా వెళ్లినవాళ్లు. 55 మంది కారు మాట్లాడుకుని గన్నవరమో విశాఖో వెళ్లి అక్కడ ఎక్కినవాళ్లు. ఆ 55లో 40 మంది ఎక్కింది అదే ఎయిర్‌లైన్, 15 మంది వేరే ఎయిర్‌లైన్. ఇంకో 25 మంది కోణార్క్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైల్లో ఒక రోజంతా కూర్చుని వెళ్లేవాళ్లు. మిగిలిన 30 మంది ఇంతకుముందు ఆ ప్రయాణమే పెట్టుకోనివాళ్లు.

ఎయిర్‌పోర్టు పద్దులో లాభం 110. హైదరాబాద్ మీదుగా వెళ్లిన 40 మంది మాత్రమే అక్కడ పాత లెక్క. ఎయిర్‌లైన్ పద్దులో కొత్త ప్రయాణికులు 15, 25, 30 కలిపి 70 మందే. తక్కిన 80 మంది జేబు మార్చుకున్న డబ్బు. దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు, గన్నవరం, విశాఖ, మధురపూడి మూడు చోట్లా అదే పెద్దదై కూర్చున్నప్పుడు, "మా జనం పక్క ఎయిర్‌పోర్టుకు పోతున్నారు" అన్న వాదన ఆ సంస్థకు తలనొప్పిగా అనిపించదు. ఆ జనం ఎటు పోయినా దాని విమానమే ఎక్కుతున్నారు.

అందుకే వినతిపత్రంలో ఉండాల్సిన వాదన వేరు. ఆ 80 మంది ఖాళీ చేసే సీట్లను ఎయిర్‌లైన్ మళ్లీ అమ్ముకోగలదా అన్నది చూపించాలి. హైదరాబాద్ ఏటీఆర్‌లో 78 సీట్లే. అందులో ముంబై, ఢిల్లీ, గల్ఫ్ వెళ్లే కనెక్టింగ్ ప్రయాణికులు ఎక్కువైతే, హైదరాబాద్‌కే వెళ్లేవాడికి చివరి రెండు రోజుల్లో సీటు దొరకదు. దొరికినా ధర చూసి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు, లేదా వందే భారత్ చూసుకుంటాడు. ఆఖరి నిమిషంలో కొనే ఈ ప్రయాణికుడే ఎక్కువ డబ్బు ఇచ్చేవాడు. కనెక్టింగ్ వాళ్లను నేరు విమానంలోకి తప్పిస్తే ఆ సీట్లు వీళ్లకు దొరుకుతాయి. హైదరాబాద్–ముంబై విమానంలో కూడా అన్నే సీట్లు ఖాళీ అవుతాయి, అక్కడ కొనేవాళ్లకు కొదవ లేదు. కొత్త రూటు వల్ల వచ్చే అసలు ఆదాయంలో పెద్ద భాగం ఇలా పాత రూట్ల మీద వస్తుంది. వినతిపత్రాల్లో చాలావరకు ఈ పేజీ ఉండదు.

క్యాచ్‌మెంట్ ఎలా కొలవాలి

మధురపూడి క్యాచ్‌మెంట్‌లోకి, అంటే దానికి ప్రయాణికులు వచ్చే ప్రాంతంలోకి, సహజంగా వచ్చేవి రాజమండ్రి నగరం, కాకినాడ, కోనసీమ, గోదావరికి అవతల కొవ్వూరు, నిడదవోలు, తణుకు. భీమవరం, ఏలూరు, తుని సరిహద్దు ఊళ్లు. భీమవరం వాడికి గన్నవరం కూడా అందుబాటులోనే ఉంటుంది, తుని వాడు విశాఖ వైపు చూస్తాడు. పటం మీద వృత్తం గీసి, అందులోని జనాభా అంతా మాదే అనేస్తే నెట్‌వర్క్ ప్లానర్ రెండో పేజీ తిప్పడు. చూడాల్సింది రోడ్డు మీద పట్టే సమయం. పశ్చిమ గోదావరి నుంచి వచ్చేవాడు నది దాటాలి. రోడ్డు కమ్ రైలు వంతెన 1974 నాటిది, మరమ్మతుల కోసం తరచూ మూస్తుంటారు. నాలుగో వంతెన మీదుగా వస్తే నగరం రద్దీ తప్పుతుంది గానీ, ఎయిర్‌పోర్టు హైవే మీద లేదు. కోరుకొండ రోడ్డులో లోపలికి వెళ్లాలి. పొద్దున ఏడు గంటల విమానానికి భీమవరం వాడు ఎన్నింటికి బయలుదేరాలో లెక్క వేస్తే, అతను ఎవరి ప్రయాణికుడో తెలిసిపోతుంది.

ఒకప్పుడు గన్నవరం, విశాఖ పార్కింగుల్లో కార్ల నంబర్లు చూసి అంచనా వేసేవాళ్లు. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ రావడంతో ఆ ఆనవాలు పోయింది. ఇప్పుడు పనికొచ్చేవి మూడు. ట్రావెల్ ఏజెంట్ల బుకింగులు మొదటిది: కాకినాడ, అమలాపురం, భీమవరం, తణుకుల్లో పెద్ద ఏజెంట్లు పది మంది ఆరు నెలల లెక్క ఇస్తే చిత్రం చాలావరకు తేలిపోతుంది. రెండోది ఎయిర్‌పోర్టు డ్రాప్ ట్యాక్సీల ట్రిప్ పుస్తకాలు. మూడోది సంస్థల ప్రయాణ ఖాతాలు. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ అసెట్ (చమురు, గ్యాస్ ఉత్పత్తి విభాగం), పేపర్ మిల్లు, కాకినాడలో పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, తీరం వెంట గ్యాస్ ప్లాంట్లు ఉన్నాయి. ఓఎన్‌జీసీ మనుషులకు ముంబై, ఢిల్లీ, డెహ్రాడూన్ రాకపోకలు ఏడాది పొడుగునా ఉంటాయి, ఆషాఢమైనా శ్రావణమైనా ఆగవు. ఆక్వా వ్యాపారం మటుకు సీజన్ మీద నడుస్తుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లను విడిగా లెక్కించాలి. కోనసీమ, డెల్టా ఊళ్ల నుంచి కువైట్, దోహా, మస్కట్ వెళ్లేవాడికి కావాల్సింది ఒకే టికెట్టు, చివరి ఊరిదాకా వెళ్లే బ్యాగు ట్యాగు. ముంబైలో టెర్మినల్ మారాల్సి వస్తే అతను హైదరాబాద్ దారే పడతాడు. అలాంటివాళ్లను ముంబై లెక్కలో కలిపి అంచనా ఉబ్బించినవాళ్లు తర్వాత జవాబు చెప్పుకోలేరు.

దూరం, విమానం, స్లాటు

హైదరాబాద్ ఆకాశమార్గంలో 360 కిలోమీటర్లు, చెన్నై 490, బెంగళూరు 620, ముంబై 970, ఢిల్లీ 1,360 (అన్నీ ఉజ్జాయింపు). ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో, గంటకు 700 కిలోల ఇంధనంతో పోతుంది. బెంగళూరు దాకా అది బాగానే గిట్టుబాటవుతుంది. ముంబైకి పంపితే రెండు గంటలు దాటిపోతుంది, రోజులో అది వేయగల ట్రిప్పులు తగ్గిపోతాయి. కాబట్టి ముంబై, ఢిల్లీ అంటే జెట్టే.

ఏటీఆర్‌కు ఇంకో సౌకర్యం ఉంది. 80 కంటే తక్కువ సీట్లున్న దేశీయ షెడ్యూలు విమానాలకు మన ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్ చార్జీ ఉండదు. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు ఉండటం, స్పైస్‌జెట్ తన క్యూ400 ప్రొపెల్లర్ విమానాల్లో చాలావాటిని 78తోనే నడపడం ఊరికే జరగలేదు. జెట్‌కు మారిన రోజున ఆ మినహాయింపు పోతుంది. సీట్లు ఒక్కసారిగా రెండు రెట్లకు పైగా అవుతాయి. 78 నుంచి 180కి మధ్యలో మెట్టు లేదు. మధ్యస్థాయి నగరాల కష్టమంతా ఈ ఒక్క గెంతులోనే ఉంది. రోజుకు వంద మంది ఉన్న రూటుకు 78 చాలదు, 180 నిండదు.

పైగా ఆ విమానం వేరే చోట ఏం సంపాదిస్తుందన్నది కూడా చూడాలి. ఢిల్లీ నుంచి వచ్చి వెళ్లడానికి, నేల మీద నిలబడే సమయం కలిపి, ఒక ఏ320కి ఐదు గంటలకు పైగా పడుతుంది. అదే ఐదు గంటల్లో అది ఢిల్లీ–పట్నా వెళ్లి వచ్చి, ఇంకో ట్రిప్పుకు సిద్ధం కాగలదు. విమానాలు నేల మీద పడి ఉన్న 2023, 2024లలో ఈ పోటీ మరీ గట్టిగా ఉండేది. ఇంజన్ల కొరత కొంత సర్దుకుంటుండగా కొత్త ఊళ్ల జాబితా తెరుచుకుంది. 2024 జూన్‌లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి కావడం వల్ల రాష్ట్రంలోని ఎయిర్‌పోర్టుల ఫైళ్ల మీద దృష్టి పడిందన్నదీ దాచనక్కరలేదు. కాకపోతే పలుకుబడి విమానాన్ని ఒకసారి తెస్తుంది, రెండో షెడ్యూలులో దాన్ని నిలపాల్సింది సీట్ల లెక్కే.

స్లాటు, అంటే విమానం దిగడానికి, లేవడానికి ఎయిర్‌పోర్టు కేటాయించే వేళ, ముంబైలో దొరకడం మరీ కష్టం. 2024 ఫిబ్రవరిలో అక్కడ రద్దీ తగ్గించడానికి గంటకు అనుమతించే రాకపోకల్లో కోత పెట్టారు. కాబట్టి కొత్త రూటుకు స్లాటు అంటే, సాధారణంగా అదే ఎయిర్‌లైన్ ఇంకో రూటు నుంచి తీసి ఇవ్వడమే. మన వైపు ఏ వేళైనా ఇస్తామని ఎయిర్‌పోర్టు చెప్పగలగాలి. "మాకు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య కావాలి" అని మొదటి ఉత్తరంలోనే రాస్తే ఫైలు అక్కడే మూతబడుతుంది. 2025 డిసెంబరు 25 నుంచి నవీ ముంబైలో విమానాలు నడుస్తున్నాయి. అక్కడ స్లాట్లు సులువే గానీ, బాంద్రా కుర్లాలో పనున్న ఓఎన్‌జీసీ ఉద్యోగికి అది దూరాభారం. థానే, పన్వేల్ వైపు చుట్టాలున్న వాళ్లకు బాగుంటుంది. ఆ స్లాటు రెండో విమానానికి తీసుకోవచ్చు. మొదటిదాన్ని అటు మారుస్తామంటే ఒప్పుకోకూడదు.

ఇంధనం దగ్గర దొరికే లాభం

ఎయిర్‌లైన్‌తో మాట్లాడేటప్పుడు ఆంధ్రప్రదేశ్ ఎయిర్‌పోర్టులకు ఉన్న బలమైన చీటీ విమాన ఇంధనం మీద 1 శాతం వ్యాట్. 2025లో ఢిల్లీలో అది 25 శాతం. మహారాష్ట్ర 2023లో ముంబై, పుణెల్లో 25 నుంచి 18కి తగ్గించింది. చిన్న ఎయిర్‌పోర్టుకు ట్యాంకర్లో తెచ్చే ఖర్చు వల్ల మూలధర కొంత ఎక్కువైనా, పన్ను తేడా దాన్ని మింగేస్తుంది.

ఢిల్లీకి ఏ320 నియో (ఏ320లో కొత్త రకం) ఒక వైపు నాలుగు టన్నుల పైచిలుకు, అంటే ఐదు వేల లీటర్లకు పైగా తాగుతుంది. అది వచ్చేటప్పుడు ఢిల్లీలో కనీసం నింపుకుని, మధురపూడిలో తిరుగు ప్రయాణానికీ ఆ తర్వాతి ట్రిప్పుకూ కలిపి నింపుకోవచ్చు. దీన్ని ట్యాంకరింగ్ అంటారు. పరిమితి ల్యాండింగ్ బరువు. నియోకు అది సుమారు 67 టన్నులు. ఖాళీ విమానం 44 టన్నులు, 180 మంది సామానుతో సహా 17 టన్నులు, దిగేసరికి ఉండాల్సిన రిజర్వు ఇంధనం రెండున్నర టన్నులు. మిగిలేది 3 టన్నుల చిల్లర. అంతవరకే అదనంగా మోయొచ్చు. ఆ బరువును మోసినందుకు గంటకు దానిలో మూడు శాతం చొప్పున కాలిపోతుంది, ఢిల్లీకి వెళ్లేసరికి 200 కిలోలు. అది పోయినా పన్ను తేడాలో లాభమే.

ఇక్కడే ఒక చిక్కు. బౌజర్ (విమానానికి ఇంధనం నింపే ట్యాంకరు) అదనంగా నాలుగు వేల లీటర్లు కొట్టడానికి సమయం పడుతుంది, 35 నిమిషాల టర్న్‌అరౌండ్ (దిగాక మళ్లీ బయలుదేరేదాకా పట్టే సమయం) 45 అవుతుంది. అదే సమయానికి ఏటీఆర్ కూడా వచ్చి, బౌజర్ ఒక్కటే ఉంటే రెండూ ఆలస్యం. రెండో బౌజర్ పెట్టమని ఆయిల్ కంపెనీని అడగాల్సింది సర్వీసు మొదలయ్యే మూడు నెలల ముందే.

78 నుంచి 180కి: నేల మీద మారేవి

అగ్నిమాపక కేటగిరీ విమానం పొడవును బట్టి ఉంటుంది. ఏటీఆర్ 72 పొడవు 27.2 మీటర్లు, కేటగిరీ 5: ఒక ఫైర్ టెండర్, 5,400 లీటర్ల నీరు. ఏ320 పొడవు 37.6 మీటర్లు, కేటగిరీ 6: రెండు టెండర్లు, 7,900 లీటర్లు. ఏ321 పొడవు 44.5, కేటగిరీ 7: నీరు 12,100 లీటర్లు. పండగ రద్దీకి ఎయిర్‌లైన్ ఏ320 బదులు ఏ321 పంపుతామన్నప్పుడు ఈ తేడా అడ్డొస్తుంది. దానికి అంతర్జాతీయ నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది: ఆ పెద్ద కేటగిరీ విమానాల రాకపోకలు ఏడాదిలో అత్యంత రద్దీగా ఉండే మూడు వరుస నెలల్లో 700 దాటకపోతే, ఒక మెట్టు తక్కువ రక్షణతో అనుమతించవచ్చు. రోజుకో విమానమంటే మూడు నెలలకు 180 రాకపోకలే. కాబట్టి కేటగిరీ 6 ఉన్న చోట ఏ321 దిగొచ్చు. ఒక టెండర్ రిపేరుకు పోయినప్పుడు మటుకు కేటగిరీ పడిపోతుంది, నోటామ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటన) జారీ అవుతుంది, ఏ321 రాదు. కేటగిరీ 6 నమ్మకంగా నిలవాలంటే అదనంగా ఒకటి కలిపి మూడు టెండర్లు ఉండాలి.

ఏటీఆర్ తనంతట తానే తిరిగి బయటికి పోతుంది, వెనక తలుపుకే మెట్లుంటాయి. ఏ320కి రెండు నిచ్చెనలు, గ్రౌండ్ పవర్ యూనిట్, ముక్కు లోపలికి పెట్టి నిలిపే స్టాండయితే పుష్‌బ్యాక్ ట్రాక్టర్, టో బార్ కావాలి. ఏపీయూ (విమానం తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్) పనిచేయని విమానం వచ్చిన రోజున ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఎయిర్ స్టార్టర్ యూనిట్ కావాలి. అది లేకపోతే, ఒక ఇంజన్ ఆపకుండానే దిగినవాళ్లను దింపి, ఎక్కేవాళ్లను ఎక్కించి పంపాల్సి వస్తుంది. ఎయిర్‌లైన్ దాకా పోకుండా ఇంజనీరు స్థాయిలోనే ఆగిపోయే సమస్యలు ఇంకొన్ని ఉన్నాయి. ఏటీఆర్ లైసెన్సున్న ఇంజనీరు ఏ320ని విడుదల చేయలేడు. టైరు కోసుకుపోతే స్పేర్ చక్రం హైదరాబాద్ నుంచి రావాలి, అది ఏటీఆర్ సామాన్ల అరలో పట్టేలా ముందే చూసుకోవాలి. చక్రం ఒకటి, జాకు ఒకటి స్టేషన్‌లో ఉంచితే ఏడాదిలో ఒక్కసారి అక్కరకొచ్చినా దాని ఖర్చు తిరిగొస్తుంది.

టెర్మినల్లో అసలు ఇరుకు సెక్యూరిటీ దగ్గర. ఒక ఎక్స్‌రే లైను గంటకు 150 నుంచి 180 మందిని పంపగలదు. 180 మంది ముప్పావు గంట వ్యవధిలో వచ్చిపడితే రెండు లైన్లు తప్పనిసరి. లైన్లు రెండు పెట్టినా ఆడవాళ్లను తడిమి తనిఖీ చేసే ఫ్రిస్కింగ్ బూత్ ఒకటే ఉంటే, కుటుంబాలతో వెళ్లే పండగ రోజుల్లో క్యూ అక్కడే నిలిచిపోతుంది. దీనికి తోడు మన సామాన్లు. హ్యాండ్ బ్యాగులో ఆవకాయ జాడీ, నెయ్యి డబ్బా ఆపుతారు. ఎండు కొబ్బరి చెక్‌ఇన్ బ్యాగులోనూ కుదరదు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలకు అభ్యంతరం లేదు గానీ, ఒక్కొక్కరికి నాలుగైదు పెట్టెలైతే ఓవర్‌హెడ్ బిన్‌లు నిండిపోతాయి. చెక్‌ఇన్ కౌంటర్ ముందే తెలుగులో పెద్ద బోర్డు పెట్టి, అక్కడే పచ్చడి జాడీని చెక్‌ఇన్ బ్యాగులోకి సర్దుకునే బల్ల ఒకటి వేస్తే లైను వేగం కళ్లకు కనిపించేంత పెరుగుతుంది. మే నెలలో తప్పకుండా చేయాల్సిన పని.

షెడ్యూలు గీసేటప్పుడు ఏ320 దిగిన గంటలో ఏటీఆర్‌లు రెండు రాకుండా చూడాలి. ఏ320 దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి 360, ఏటీఆర్ ఒక్కదానికి 156. రెండు ఏటీఆర్‌లు కలిస్తే ఒక్క గంటలో 670 మంది దాటుతారు. 2023 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన కొత్త టెర్మినల్ ఈ రద్దీ కోసమే. అది అందేదాకా రాకపోకల నడుమ కనీసం 50 నిమిషాల ఎడం పాటించడం చవకైన మందు.

వేళ, పొగమంచు, రాత్రి పార్కింగ్

ఢిల్లీ విమానం ఢిల్లీలో నిద్ర లేస్తుంది. పొద్దున బయలుదేరి వచ్చి, మళ్లీ వెళ్లేది మెట్రో రద్దీ వేళల మధ్య ఖాళీలో. కాబట్టి రాజమండ్రి వాడు ఢిల్లీ చేరేసరికి ఆఫీసులు సగం రోజు గడిచిపోతాయి. ఒక్కరోజులో పని చూసుకుని రావడం కుదరదు. అది కావాలంటే విమానం రాత్రి మధురపూడిలో పడుకోవాలి. అందుకు ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) పని వేళల పొడిగింపు, కాపలా, ఇంజనీరు, సిబ్బందికి హోటల్, తెల్లవారుజామున భద్రతా సిబ్బంది షిఫ్టు అన్నీ కుదరాలి. ఏటీఆర్‌తో ముందు ఈ ప్రయోగం చేయడం తెలివైన పని. హైదరాబాద్‌కు ఉదయం ఆరున్నరకు వెళ్లి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చే వీలు ఇస్తే, రైలు వదిలి వచ్చే వ్యాపారులున్నారు.

డిసెంబరు, జనవరిలో రెండు చివరలా మంచు. ఢిల్లీ మంచు మొదటి విమానాన్ని ఆపుతుంది, గోదావరి పొగమంచు ఉదయం ఎనిమిది దాకా మనవైపు ఆపుతుంది. ఆ రెండు నెలలకు ఉదయం విమానాన్ని 45 నిమిషాలు ఆలస్యంగా నడిపే శీతాకాల వేళ అడగడం మంచిది. దారి మళ్లిన విమానం విశాఖో, హైదరాబాదో పోతే ఆ రోజంతా దాని మిగతా ట్రిప్పులు చెడతాయి. నెట్‌వర్క్ వాళ్లు మర్చిపోని మచ్చ అదే.

ఆక్యుపెన్సీని ఎప్పుడు నమ్మాలి

డిసెంబరులో మొదలైన రూటుకు ఆరు వారాల్లో సంక్రాంతి వస్తుంది. గోదావరి జిల్లాల సంక్రాంతి ఎలాంటిదో చెప్పనక్కరలేదు. భోగికి ముందు నాలుగు రోజులు వచ్చే విమానాలు కిటకిట, వెళ్లేవి సగం ఖాళీ. కనుమ దాటాక తిరగబడుతుంది. సగటు ఆక్యుపెన్సీ (నిండిన సీట్ల శాతం) చూస్తే మామూలుగా ఉంటుంది, ఆదాయం చూస్తే అదిరిపోతుంది. ఆ నెల అంకెలు పట్టుకుని "రూటు సక్సెస్" అని ప్రకటిస్తే ఫిబ్రవరిలో ఇబ్బంది పడాలి.

పరీక్ష పెట్టాల్సిన నెలలు ఫిబ్రవరి రెండో సగం, మార్చి, ఆషాఢం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మార్చి పరీక్షల కాలం. అందులోనూ మంగళ, బుధవారాలు చూడాలి. ఆ రోజుల్లో టికెట్టు ధర విరగ్గొట్టకుండా 70 శాతం నిండితే రూటు నిలిచినట్టే. నిండకపోతే మొదట చేయాల్సింది వారంలో ఆ రెండు రోజులు తీసేయడం. రోజూ నడిపే సర్వీసును వారానికి ఐదు చేస్తే ఊరికి అవమానంలా అనిపిస్తుంది, పత్రికల్లో వార్త అవుతుంది. అయినా రూటు మొత్తం పోవడం కంటే అది నయం.

ధరల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ప్రారంభ ఆఫర్ పేరుతో చవక సీట్లన్నీ మొదటి వారంలోనే తెరుస్తారు. వాటిని కొనేది ఎలాగైనా వెళ్లేవాళ్లే. రైలు నుంచి మళ్లాల్సిన ప్రయాణికుడు ఆ వారం ఆ ప్రకటనే చూడడు. చవక సీట్లలో సగం బయలుదేరడానికి 20–40 రోజుల ముందు తెరిచి, ఆ కబురు ఏజెంట్ల ద్వారా కాకినాడ, భీమవరాలకు చేర్చడం మెరుగు.

సబ్సిడీ ఎంతవరకు

2017 ఏప్రిల్ 27న, చిన్న నగరాలకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద మొదలైన తొలి సర్వీసుల్లో ఒకటి ట్రూజెట్ హైదరాబాద్–కడప. వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, అంటే రూటు నష్టాన్ని పూడ్చే ప్రభుత్వ సాయం, మూడేళ్లకే. 2022కల్లా ట్రూజెట్టే ఆగిపోయింది. 2018 డిసెంబరులో విజయవాడ–సింగపూర్ ఇండిగో సర్వీసు రాష్ట్ర ప్రభుత్వ గ్యాప్ ఫండింగుతో మొదలై, ఆ నిధి ఆగాక 2019లోనే నిలిచిపోయింది. సబ్సిడీ ఖాళీ సీటు ఖరీదు భరిస్తుంది, అంతే. సబ్సిడీ గడువు ముగిసే ఆరు నెలల ముందు ధర పెంచి చూసే షరతు ఒప్పందంలో లేకపోతే, రూటుకు సొంత కాళ్లున్నాయో లేదో ఎవరికీ తెలియదు.

తర్వాతి రూటు అడిగేవాళ్లకు

2025 డిసెంబరులో కొత్త డ్యూటీ వేళల నిబంధనలకు తగ్గ పైలట్లు లేక ఇండిగో పెద్దఎత్తున సర్వీసులు రద్దు చేసుకుంది, ప్రభుత్వం ఆ సంస్థ శీతాకాల షెడ్యూలులో 10 శాతం కోత పెట్టింది. అలాంటి కోత పడినప్పుడు తీసేయడానికి ముందు కనిపించేది రోజుకొక్క విమానమే ఉన్న ఊళ్లు. అందుకని ముంబై, ఢిల్లీ తర్వాత మూడో దూరపు మెట్రో కోసం అడిగే ముందు బెంగళూరు, హైదరాబాద్ వేళలు సరిచేయించుకోవడం, ఇంకో ఎయిర్‌లైన్‌ను తెచ్చుకోవడం ముఖ్యం. గన్నవరంలో, విశాఖలో వాటా తక్కువ ఉన్న సంస్థకు మన 55 మందిలో ఎక్కువమంది కొత్త గిరాకీయే. పై రెండు పద్దుల లెక్క దాని విషయంలో తిరగబడుతుంది. ఒకే ఉత్తరాన్ని అన్ని ఎయిర్‌లైన్లకూ పంపకూడదనేది అందుకే.

2027 జూన్ 26 నుంచి జులై 7 దాకా గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల రద్దీని చూపించి ఏడాది పొడుగు రూటు అడగొద్దు. అదనపు సర్వీసులు మాత్రం అడగండి, అదీ ఇప్పుడే. 2027 వేసవి షెడ్యూలు మార్చి 28న మొదలవుతుంది. దానికి మెట్రో ఎయిర్‌పోర్టుల స్లాటు దరఖాస్తులు ఐదారు నెలల ముందే, అంటే 2026 అక్టోబరు–నవంబరులోనే పడతాయి. ఆ లోపల ఎయిర్‌లైన్ చేతిలో ఉండాల్సినవి: ఏ రోజు ఏ ఊరి నుంచి ఎన్ని సీట్లు కావాలన్న పట్టిక, ఏ321 వస్తే ఫైర్ కేటగిరీ సరిపోతుందన్న ఎయిర్‌పోర్టు ఉత్తరం, రాత్రి పార్కింగుకు ఎన్ని స్టాండ్లు ఇవ్వగలరో ఒక అంకె, ఆ పన్నెండు రోజులకు రెండో బౌజర్ ఖాయమన్న ఆయిల్ కంపెనీ రాతపూర్వక మాట.